ఎందుకు వంగారో తెలుసుకుని చెప్పు

చిరంజీవి అమ్మడికి మామయ్య దీవెనలు.

జపాన్ వాళ్లతో పనిచేసే చోట నువ్వు దుబాషీగా కుదిరావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తన గొంతు సంతోషంతో వణికింది, నా కళ్లు చెమర్చాయి. మన ఇంట్లో నా తరవాత ఈ పనిలో అడుగుపెడుతున్నది నువ్వే. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. "వంగి నమస్కారం పెట్టడం వీడియోలు చూసి రెండు రోజుల్లో నేర్చేసుకున్నాను" అన్నావట. ఆ మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. తెల్లవారగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

వీడియోల్లో చెప్పేవి అబద్ధాలని అనను. తెలిసినవాళ్లు ఎదురైతే 15 డిగ్రీలు, పెద్దలకూ అతిథులకూ 30, క్షమాపణ అడగాలన్నా గాఢంగా కృతజ్ఞత చెప్పాలన్నా 45. మెడ ఒక్కటే వంచితే చాలదు, నడుము దగ్గర నుంచి వంగాలి. చూపు కూడా నేలకు దిగాలి. జపాన్‌లో పలకరింపుగా వంగేటప్పుడు చేతులు జోడించవద్దు. అక్కడ జోడించిన చేతులు ప్రార్థనవి, భోజనానికి ముందు చెప్పుకునే కృతజ్ఞతవి. చెయ్యి కలుపుతూ వంగవద్దు, రెండింటిలో ఏదో ఒక్కటే చేయాలి. 2009లో టోక్యోలో ఒబామా అకిహిటో చక్రవర్తికి చెయ్యి అందిస్తూనే నడుము దాకా వంగాడు. ఆయన మర్యాద అనుకున్నదాన్ని అమెరికాలో చాలామంది లొంగుబాటు అన్నారు.

కొరియా ప్రయాణాలు కూడా ఉంటాయట కదా. ఇది ఎర్ర సిరాతో రాసుకో. అక్కడ మోకరిల్లి నేలకు వంగి పెట్టే నమస్కారాన్ని 'జోల్' అంటారు. బతికున్న పెద్దలకు అది ఒక్కసారే. రెండుసార్లు పెట్టేది చనిపోయినవారికి. కొత్త సంవత్సరం నాడు ఎవరైనా పెద్దాయన ముందు గౌరవం ఎక్కువై రెండోసారి వంగావంటే ఆయన బతికుండగానే చావు నమస్కారం పెట్టినట్టు. నవ్వకు. ఇలాంటివాటికే నాకు భయం. తప్పు చేస్తున్నానని తెలియకుండా, మంచి మనసుతోనే చేసేస్తాం.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది మీ అమ్మకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

నాకప్పుడు 28 ఏళ్లు. ఒక కర్మాగారంలో కొత్త యంత్రాలు బిగించడానికి జపాన్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నాలుగు నెలలు ఉన్నారు. మన వైపు ఫిట్టర్లకు ఒక మేస్త్రీ ఉండేవాడు. పెద్దగా చదువుకోలేదు కానీ, తిరుగుతున్న యంత్రం మీద రెండు వేళ్లు ఆనించి, ఆ అదురును బట్టి లోపల ఏ బేరింగ్ అరిగిందో చెప్పేసేవాడు. మొదటి నెలలో జపాన్ ఆయన నమ్మలేదు. విప్పి చూశారు. మేస్త్రీ చెప్పిందే నిజమైంది. ఆ తరవాత ఏ యంత్రం ఆడించినా ముందు మేస్త్రీ వేళ్ల కోసమే చూసేవారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. మధ్యలో నేను.

చివరి రోజు అందరినీ వరసగా నిలబెట్టారు. పెద్దాయన నేరుగా మేస్త్రీ ముందుకు వచ్చి, టోపీ తీసి చంకలో పెట్టుకుని, "మీ పని చూస్తే అతమ గ సగారిమసు" అన్నారు. 'అతమ' అంటే తల. 'సగారిమసు' అంటే కిందికి దిగుతుంది. విడివిడిగా ఆ మాటలు నాకు తెలుసు. కలిపితే ఏమవుతుందో తెలియదు. తెలియదని ఒప్పుకునే ధైర్యమూ లేదు. పది మంది నా నోటివైపు చూస్తున్నారు. "మీ పని చూసి ఆయన తల దించుకోవలసి వస్తోందట" అనేశాను.

మేస్త్రీ చేతిలో నూనె గుడ్డ ఉంది. దానితో వేళ్లు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. "మేం అంత తప్పు ఏం చేశాం బాబూ?" అని నన్ను అడిగి, నేల చూస్తూ నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పెద్దాయన మడమలు చేర్చి, చేతులు పక్కలకు ఆనించి, మెల్లగా వంగారు. నేను మనసులో ఐదు దాకా లెక్కపెట్టాను. ఆయన ఇంకా లేవలేదు. ఇద్దరి తలలూ వంగే ఉన్నాయి, ఒకటి గౌరవంతో, ఒకటి సిగ్గుతో. నేను మాత్రం తల ఎత్తుకుని నిలబడ్డాను.

మేస్త్రీ అడిగిన ప్రశ్నను కూడా పెద్దాయనకు చెప్పలేదు. ఏదో సర్దేశాను. సాయంత్రం కారు ఎక్కే ముందు ఆయన గేటు వైపు రెండు మూడు సార్లు చూశారు. మేస్త్రీ రాలేదు.

రెండేళ్ల తరవాత అదే మాట మరొకరి నోట విని, ఈసారి సిగ్గు విడిచి అర్థం అడిగాను. ఎదుటి మనిషి గొప్పతనం చూసి తల తనంతట తానే వంగిపోతుందని దాని భావం. ఆ భాషలో అంతకంటే పెద్ద మెప్పు అరుదు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

అప్పటికి మేస్త్రీ పని మానేశాడు. వెతుక్కుంటూ ఇంటికి వెళ్లి జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "నేను ఆ దండం చూడలేదు బాబూ, నేల చూస్తున్నాను కదా. ఎలా పెట్టాడో ఒకసారి చూపించు" అన్నాడు. లేచి చూపించాను. "ఇంకోసారి" అన్నాడు. మళ్లీ చూపించాను. జపాన్ పెద్దాయనకు మాత్రం ఈనాటికీ చెప్పుకోలేకపోయాను.

అందుకే అమ్మడూ, డిగ్రీలు నేర్చుకున్నానంటే నాకు ధైర్యం రాదు. మన తెలుగులోనే చూడు. తల వంచి నమస్కరిస్తే గౌరవం, తల ఒగ్గితే లొంగిపోవడం, తల దించుకుంటే అవమానం. కదిలేది ఒకటే తల. 'నమస్తే'లో ఉన్న 'నమ్' ధాతువుకు అర్థమే వంగడం. దండం పెట్టడంలో కర్రలా నేల మీద పడే దండప్రణామం దాగి ఉంది. మసీదు అనే మాటకు మూలం అరబ్బీలో సాగిలపడే చోటు అని. దేవుడికి తప్ప మరెవరికీ వంగనివాళ్లు కూడా నీకు ఎదురవుతారు. వాళ్లు వంగలేదని పొగరు అనుకోవద్దు. జపాన్ వాళ్ల 'సుమిమసేన్' మరీ తిరకాసు. వంగి ఆ మాట అన్నారంటే క్షమించమనీ కావచ్చు, నా కోసం శ్రమపడ్డారు, కృతజ్ఞుణ్ణి అనీ కావచ్చు. సందర్భం చూడకుండా నోరు తెరవవద్దు. తెలియకపోతే "ఒక్క క్షణం, అడిగి చెబుతాను" అను. ఆ ఒక్క వాక్యం నాకు 28 ఏళ్లప్పుడు నోట్లోంచి రాలేదు.

ఇంకో భయం ఉంది, అదీ చెప్పేస్తాను. రోజంతా వంగే ఉద్యోగంలో నడుముకు అలవాటై, అనకూడని మాటలు అన్నవాడి ముందు కూడా వంగిపోతావేమోనని. వంగడం గురించి మనుషులు ఊరికే పట్టుబట్టలేదు. 1793లో బ్రిటిష్ రాయబారి మకార్ట్నీని చైనా చక్రవర్తి ముందు మూడుసార్లు మోకరిల్లి తొమ్మిదిసార్లు నుదురు నేలకు తాకించమన్నారు. ఆయన ఒక మోకాలు మాత్రమే వంచాడు. 1816లో వెళ్లిన ఆమ్‌హర్‌స్ట్ ఆ నమస్కారానికి ఒప్పుకోకపోవడంతో చక్రవర్తి దర్శనమే లేకుండా వెనక్కి పంపేశారు. మరోవైపు 1970 డిసెంబరు 7న పోలండ్ రాజధాని వార్సాలో, నాజీలను ఎదిరించి చనిపోయిన యూదుల స్మారకం ముందు పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ విల్లీ బ్రాంట్ ఎవరూ అడగకుండానే తడి నేల మీద మోకరిల్లాడు. అతి చేశాడన్నవాళ్లు ఆయన దేశంలోనే చాలామంది. నాకైతే ఆ ఫోటో చూసినప్పుడల్లా ఆ జపాన్ మాటే గుర్తొస్తుంది. నువ్వూ మనసు వంగినప్పుడు వంగు. మర్యాద కోసం వంగవలసి వస్తే లెక్క ప్రకారం వంగి నిటారుగా లేచి నిలబడు. ఎవరైనా అవమానిస్తే మాత్రం మాటలు అనువదించి ఊరుకో, వంగవద్దు. ఉద్యోగం పోతుందేమోనని బెంగపడకు, మీ మామయ్య ఉన్నాడు.

బయలుదేరే ముందు ఒక పూట ఇటు రా. నా పాత నోటుపుస్తకం తీసి ఉంచాను. మొదటి పేజీలో ఆ పెద్దాయన అన్న వాక్యం ఒక్కటే ఉంది, కింద నేను చెప్పిన తప్పు అర్థం కొట్టేసి ఉంది. పక్కన ఖాళీ వదిలాను. సరైన తెలుగు నువ్వు రాయి, చూస్తాను.

నీ
మామయ్య