నిప్పుంటే పొగ ఉన్నట్టేనా?

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు ప్రిపేర్ అవుతున్నాను. 'పొగ ఉంటే నిప్పు ఉంటుంది. ఇక్కడ నిప్పు ఉంది. కాబట్టి పొగ కూడా ఉంది.' ఇది సరైన వాదనే అని పెడితే తప్పన్నారు. ఎందుకు?

జవాబు: మొదటి వాక్యాన్ని మీరు తిరగేసి చదివారండి, అంతే. పొగను చూసి నిప్పుందని చెప్పొచ్చు కానీ నిప్పును చూసి పొగ ఉందనలేం. మన తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర పుస్తకంలో తప్పుడు వాదనకు ఇచ్చిన ఉదాహరణల్లో ఇదీ ఒకటి: నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, మరి పొగేది? ప్రాక్టీసులో ప్రతి ప్రశ్నకూ అలాంటి ఇనుప గుండు, అంటే ఇచ్చిన వాక్యాలు నిజమైనా ముగింపు తప్పయ్యే ఉదాహరణ, ఒక్కటి దొరుకుతుందేమో చూడండి, దొరికితే ఆ వాదన కొట్టేయడమే. షార్ట్‌కట్‌లు తర్వాత. 'అన్నీ', 'కొన్ని' అని వచ్చే ప్రశ్నలకు మాత్రం ఒక్కో గుంపుకు ఒక్కో వృత్తం గీసుకోవడమే సులువు.