వెయివర్ మీద సంతకం ఇంటర్ పిల్లాడిది

ప్రశ్న: లాయరు గారూ, మాది హైదరాబాద్. మూతబడిన ఒక మాల్ పార్కింగ్‌లో మేం ఆరుగురు స్నేహితులం ఆదివారాలు ఆటోక్రాస్ పెడుతున్నాం. కోన్లు పేర్చి ఒక్కో కారునే వదులుతాం, స్టాప్‌వాచ్‌తో టైం రాస్తాం. ఇది రేసు కాదు. షట్టరు మీద బ్యాంకు నోటీసు ఉంది గానీ, అక్కడి సూపర్‌వైజరు నెలకు పదివేలు తీసుకుని గేటు తీసేవాడు. రెండు నెలల కిందట, పడిపోయిన కోన్ నిలబెడుతున్న వాలంటీరును తర్వాతి కారు కొట్టింది. కాలు రెండు చోట్ల విరిగి రాడ్ వేశారు. ఇంటర్ సెకండియర్, మంచి పిల్లాడు. ఏం జరిగినా మాకు బాధ్యత లేదని ముందే వెయివర్ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆస్పత్రి ఖర్చు లక్షన్నర మేమే కట్టాం. ఇప్పుడు వాళ్ల నాన్న ఆరు లక్షలు అడుగుతున్నాడు. నేను కారు నడపలేదు, ఎంట్రీ ఫీజుకు నా ఫోన్‌పే నంబరు ఇచ్చానంతే. మా అమ్మకు నిద్ర పట్టడం లేదు. బయట సర్వీసు రోడ్డు మీద గుద్దినట్టు రాయిస్తే ఇన్సూరెన్స్ వస్తుందని ఒకడు, మూడేళ్లు ఓపిక పడితే కేసే ఉండదని ఇంకొకడు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే మాట ఒక్కటే, అదీ మీరు యథాలాపంగా రాసేశారు: ఇంటర్ సెకండియర్. అంటే ఆ పిల్లాడికి పదిహేడేళ్లు ఉండి ఉంటాయి. ముందు అతని టెన్త్ మెమోలో పుట్టిన తేదీ చూడండి. ప్రమాదం నాటికి 18 నిండకపోతే ఆ వెయివర్ చెత్తబుట్టలో వేయొచ్చు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానం ప్రీవీ కౌన్సిల్ 1903లోనే తేల్చింది. సంతకం తండ్రి చేత పెట్టించామంటారేమో, అదీ నిలబడదు. పిల్లాడికి జరగబోయే హానిని తండ్రి ముందే మాఫీ చేయలేడు.

మూడేళ్ల ఓపిక సలహా కూడా అక్కడే కూలిపోతుంది. కాలపరిమితి చట్టం సెక్షన్లు 6, 8 ప్రకారం మైనరుకు లెక్క 18 నిండాక మొదలవుతుంది. అంటే 21 ఏళ్లు వచ్చేదాకా అతను మీ మీద సివిల్ దావా వేయొచ్చు. మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు వెళ్లడానికి చట్టం ఆరు నెలల గడువు పెట్టిన మాట నిజమే. ఆ నిబంధన చెల్లుబాటే సుప్రీంకోర్టు ముందుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక ఆ సర్వీసు రోడ్డు కథ. దాని జోలికి వెళ్లొద్దు. ఎముక విరిగి ఎమర్జెన్సీకి వచ్చిన కేసును మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసుగా రాసి ఉంటారు. మొదటి గంటలో తీసుకొచ్చినవాళ్లు ఏం చెప్పారో ఆ రిజిస్టర్లో ఉంటుంది. డోరు మీద రన్ నంబరు స్టిక్కరు, మీవాళ్లే ఇన్‌స్టాలో పెట్టిన వీడియో, మీ ఖాతాలోకి ఎంట్రీ ఫీజులు వచ్చిన సమయాలు... ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటరుకు ఒక్క పూట పని. అప్పుడది నష్టపరిహారం గొడవగా ఉండదు, భారతీయ న్యాయ సంహిత 318(4) కింద మోసం, ఏడేళ్ల దాకా జైలు. భయపడి వీడియోలు చెరిపితే సెక్షన్ 241, మూడేళ్ల దాకా.

‘రేసు కాదు’ అన్నారు. మీ కారు పాలసీలో ‘వాడకం పరిమితులు’ అన్న పేరా తెరిచి చూడండి. వ్యవస్థీకృత రేసింగే కాదు, స్పీడ్ టెస్టింగ్ కూడా మినహాయింపే. ఒక్క కారు వదిలినా స్టాప్‌వాచ్ పట్టుకుంటే అదే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 150 ప్రకారం థర్డ్ పార్టీ క్లెయిములో కూడా కంపెనీ ఈ వాదన ఎత్తొచ్చు. పైగా ప్రైవేటు స్థలమైనా జనాన్ని రానిస్తే పబ్లిక్ ప్లేసే అని పలు హైకోర్టులు అన్నాయి. అందుకని ప్రభుత్వ లిఖిత అనుమతి లేని వేగ పరీక్ష అంటూ పోలీసులు సెక్షన్ 189 కూడా పెట్టొచ్చు: మొదటిసారి మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. అసలు బరువు మాత్రం సంహిత 125(బి)ది, అజాగ్రత్తతో తీవ్ర గాయం. ఎముక విరగడం చట్టం లెక్కలో తీవ్ర గాయమే.

అజాగ్రత్త ఎక్కడుందో చెప్పాలా? మార్షల్, అంటే కోన్లు చూసుకునే మీ వాలంటీరు, కోన్ దగ్గర వంగి ఉండగా తర్వాతి కారుకు జెండా ఊపారు. మనిషి తన పాయింటుకు తిరిగొచ్చి ‘క్లియర్’ అనేదాకా స్టార్టు లైనులో కారు కదలకూడదు. ఈ ఒక్క నియమం పాటించి ఉంటే నాకు ఈ ఉత్తరం వచ్చేది కాదు. జెండా ఊపింది ఎవరన్నది కేసులో పెద్ద ప్రశ్న అవుతుంది. మీకు మాత్రం దానితో ఊరట లేదు. ఫీజు మీ ఖాతాలో పడింది, నిర్వాహకుల్లో మీరొకరు. మొత్తం పరిహారం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేసుకోవచ్చు, మిగతా ఐదుగురి వాటా కోసం ఆ తర్వాత మీరే తిరగాలి. సూపర్‌వైజరు అనుమతంటారా, బ్యాంకు స్వాధీన నోటీసు అంటించి ఉన్న చోట అతనికి అద్దెకిచ్చే హక్కే లేదు. చదువుకున్నవాళ్లు, గోడ మీద కాగితం చదవకపోతే ఎలా?

ఇప్పుడు చేయాల్సింది వినండి. టైమింగ్ షీటు, మీ గ్రూపు మెసేజీలు, అసలు వీడియో ఉన్న ఫోను, అన్నీ కదపకుండా ఉంచండి. కోర్టుకివ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) సహా కావాలి. పక్క షాపుల సీసీ కెమెరా రికార్డు ఇప్పటికే చెరిగిపోయి ఉండొచ్చు. అయినా రేపే నోటీసు ఇవ్వండి. లక్షన్నర బిల్లులు ఎవరి ఖాతాలోంచి కట్టారో స్టేట్‌మెంట్లు తీయండి.

ఆరు లక్షలు ఎక్కువా తక్కువా అన్నది బేరంలో తేలుతుంది. డిసెబిలిటీ సర్టిఫికెట్, రాడ్ తీసే ఆపరేషన్ అంచనా, పోయిన చదువు కాలం చూసి మాట్లాడండి. స్టాంపు కాగితం మీద తండ్రితో రాజీ రాసుకుని నోట్లు ఇచ్చేస్తే, పిల్లాడు మేజరయ్యాక అదే గాయానికి మళ్లీ కోర్టుకెక్కొచ్చు. తండ్రి నెక్స్ట్ ఫ్రెండ్‌గా, అంటే మైనరు తరఫున నిలబడే మనిషిగా దావా వేసుకోనివ్వండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32 రూల్ 7 కింద కోర్టు అనుమతితో రాజీ నమోదు చేయించండి, లోక్ అదాలత్‌లోనైనా సరే. సొమ్ము పిల్లాడి పేరిట, మేజరయ్యేదాకా జాతీయ బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది. మీరు ముందు పెట్టిన లక్షన్నర రాజీ పత్రంలో రాయించడం మరవకండి. ఎఫ్‌ఐఆర్ అయితే 125(బి) కూడా కోర్టు అనుమతితో రాజీపడదగిందే.

ఈలోగా ఆదివారం ఆటలు బంద్. మళ్లీ పెట్టాలనుకుంటే మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ ఎఫ్‌ఎంఎస్‌సీఐ పర్మిట్, స్థలం అసలు హక్కుదారు రాతపూర్వక లైసెన్సు, ఈవెంట్‌కు విడిగా పబ్లిక్ లయబిలిటీ పాలసీ (ఇతరులకు జరిగే హానికి బీమా) చేతికొచ్చాకే కోన్లు బయటికి తీయండి. మార్షళ్ల ఆధార్ కార్డులో పుట్టిన సంవత్సరం మీరే చూడండి.