తుపాకి పట్టని అమ్మాయి కూడా బాలసైనికురాలేనా?

ప్రశ్న: పద్నాలుగేళ్ల పిల్లవాడిని సాయుధ ముఠా ఎత్తుకుపోయి చేతికి తుపాకి ఇస్తుంది. తర్వాత వాడు సైన్యానికి దొరుకుతాడు. చట్టం దృష్టిలో వాడు నేరస్థుడా, బాధితుడా? అదే ముఠాలో వంట చేసిన అమ్మాయి సంగతేమిటి? ప్రభుత్వం వీళ్లకి ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు ఆ అమ్మాయి సంగతి చెబుతాను. ఆమెనే అందరూ మర్చిపోతారు. అవును, ఆమె కూడా బాలసైనికురాలి కిందికే వస్తుంది. వంట చేసినా, మూటలు మోసినా, కబుర్లు చేరవేసినా, లైంగికంగా వాడుకోబడినా అంతేనని 2007 నాటి పారిస్ సూత్రాలు (సాయుధ ముఠాల్లోని పిల్లల గురించి దేశాలు ఒప్పుకున్న మార్గదర్శకాలు) చెబుతున్నాయి. పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధం ముగిసే రోజుల్లో ఆయుధాలు అప్పగించే శిబిరాలు పెట్టారు. "తుపాకి ఏది?" అని అడిగిన చోట ఉత్త చేతులతో వచ్చిన అమ్మాయిలు పేరు రాయించుకోలేకపోయారు. కొందరి తుపాకుల్ని కమాండర్లే లాక్కుని వేరేవాళ్లకి ఇచ్చేశారు. చివరికి శిబిరాల లెక్కకెక్కిన పిల్లల్లో అమ్మాయిలు పదో వంతు కూడా లేరు. ఈ పాఠం చెప్పేటప్పుడు ఇక్కడికొచ్చేసరికి ఇప్పటికీ నా గొంతు పట్టేస్తుంది.

ఇక పిల్లవాడు. లా కాలేజీలో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి "పదిహేనా, పద్దెనిమిదా సార్?" అని అడిగేవారు. రెండూ. 15 నిండని వాళ్లని చేర్చుకోవడం రోమ్ శాసనం (అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుని ఏర్పరచిన ఒప్పందం) ప్రకారం యుద్ధ నేరం. బాలల హక్కుల ఒప్పందానికి అనుబంధంగా 2000లో వచ్చిన ఐచ్ఛిక ప్రోటోకాల్ ప్రకారం సాయుధ ముఠాలు 18 లోపు ఎవర్నీ తీసుకోకూడదు. ప్రభుత్వ సైన్యంలోకి మాత్రం 16 దాటినవాళ్లు ఇష్టపడితే, తల్లిదండ్రులు ఒప్పుకుంటే చేరవచ్చు. ఈ సందు వదలడం నాకు ఏనాడూ నచ్చలేదు.

కాబట్టి మొదటి నేరం చేర్చుకున్నవాడిది. కాంగోకి చెందిన సాయుధ ముఠా నాయకుడు తోమా లుబాంగాకి అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2012లో 14 ఏళ్ల శిక్ష వేసింది ఇందుకే. నేరం నాటికి 18 నిండని వాళ్లని ఆ కోర్టు అసలు విచారించదు. దేశంలోని కోర్టులు విచారించవచ్చు గానీ మరణశిక్ష వేయకూడదు, జైలు చివరి మార్గం కావాలి. పెద్దయ్యాక చేసిన నేరాలు వేరు. ఉగాండాలో బడికెళ్లే దారిలో అపహరణకి గురైన డొమినిక్ ఒంగ్వెన్ తర్వాత ఆ ముఠాలోనే కమాండరయ్యాడు. 2021లో అదే కోర్టులో అతనికి 25 ఏళ్ల శిక్ష పడింది. జీవితఖైదు వేయకపోవడానికి ఆ అపహరణ ఒక కారణం.

ప్రభుత్వం వీళ్లని విడిపించాలి, ఒంటికీ మనసుకీ వైద్యం చేయించాలి, తిరిగి సమాజంలో కలిసేలా చూడాలి. బాలల హక్కుల ఒప్పందం 39వ అధికరణ పెట్టిన బాధ్యత ఇది, దయ కాదు. ఇంకొకటి: పుట్టిన తేదీ కాగితం లేక వయసు తేలకపోతే, ఆ సందేహం పిల్లవాడి వైపే మొగ్గాలి. చిన్నవాడిగానే చూడాలి.