పాత సున్నపు గోడలకు సిమెంటు పూయించవచ్చా?

చెన్నైలోని మీ పాత మిద్దె ఇంటి గోడలు పెచ్చులూడుతున్నాయని, సిమెంటు పూయించవచ్చా అని అడిగారు. వద్దు. ట్రిప్లికేన్‌లోని మా తాతగారి ఇంటికి సిమెంటు పూయించి, రెండు కార్తికాల వానలు దాటకుండానే ఆ పూత అప్పడంలా ఉబ్బి, లోపలి ఇటుకను కూడా గుల్ల చేసి రాలడం కళ్లారా చూసినవాణ్ణి. నేలలోంచి ఎక్కిన తడి సున్నపు పూతలోంచి గాలికి ఆరిపోతుంది. సిమెంటు దానికి దారి ఇవ్వదు.

రెండోసారి పూతకు సున్నపు సంచి కొన్నాను. తెల్లగా ఉన్న ప్రతి పొడినీ సున్నమని అమ్మే దుకాణదారులకు, అడగకుండానే అందులో తట్టెడు సిమెంటు కలిపేసే మేస్త్రీలకు దూరం నుంచే ఒక దండం. నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్ద మేస్త్రీ ఒకాయన ఆ పొడిని పిడికిట పట్టి చూసి, "ఇది గాలి తగిలి ముందే బిగువు చచ్చిన సున్నమండీ, బట్టీలో కాల్చిన గడ్డలు తెప్పించండి" అన్నారు. పిడుగురాళ్లలో ఉన్న మా మేనమామ పంపించారు.

పెరటి తొట్టిలో నీళ్లు నింపి ఆయన ఒక్కొక్క గడ్డే వదులుతుంటే, పొయ్యి లేకుండానే నీళ్లు కుతకుత ఉడికి, దూరంగా నిలబడ్డ నా కళ్లద్దాలు ఆవిరికి మసకబారాయి. గడ్డల మీద నీళ్లు పోస్తే ఎగిరి కళ్లలో పడుతుందని, పిల్లలను వాకిట్లోకి పంపించేశారు. సున్నపురాయి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలినప్పుడు కిలోకు 440 గ్రాములు బొగ్గుపులుసు వాయువుగా పోతుందని, తడిసిన సున్నం గోడమీద మళ్లీ అదే వాయువును మెల్లగా పీల్చుకుని రాయి అవుతుందని బడిలో చదివినా, నమ్మింది ఆ రోజే. మూడు వారాలు నీటి అడుగున మాగి అది గడ్డపెరుగులా తయారైంది. సున్నం నూరే గానుగ ఎక్కడా దొరకలేదు కనుక ఇసుక, కరక్కాయ నానిన నీళ్లు, బెల్లం కలిపి రోకళ్లతో దంచారు.

అయితే నేల తడి తగిలే అడుగు భాగానికి ఈ మెత్తని సున్నం ఒక్కటే చాలదు. బంకమన్ను పాలున్న రాయిని కాల్చిన సున్నం, లేదా ఇటుక పొడి కలిపిన మామూలు సున్నం తడిలోనూ గట్టిపడుతుంది. పై మెరుగుకు గుల్ల సున్నం, అంటే సముద్రపు గుల్లలను కాల్చి చేసినది, వాడండి. పాత మద్రాసు గోడలు పాలరాయిలా మెరిసింది దానితోనే.

మా గోడకిప్పుడు ఏడేళ్లు. వంటింటి మూలన, గీకడానికి బద్ధకించి సిమెంటు వదిలేసిన చోట మాత్రం ఈ ఏడు కూడా ఉప్పు పూసింది.