రెజ్లర్ ఒడ్డూ పొడుగూ, అభిమాని తీర్పూ

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే నిర్ణయమై ఉంటాయని తెలిసి కూడా అభిమానులు కండలు తిరిగినవాళ్లనే గొప్పవాళ్లని ఎందుకంటారు, పొట్ట ఉన్నవాళ్లనూ పొట్టిగా ఉన్నవాళ్లనూ ఎందుకు చులకన చేస్తారు, అసలు శరీరాకృతికి అంత విలువ ఇవ్వవచ్చా అని మీరు అడిగారు. నేను ఒడిశాలోని బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణి. చిన్నప్పటి నుంచి ఈ కుస్తీలను టీవీలో చూస్తున్నాను, కొన్నేళ్లుగా మా పేటలోని వ్యాయామశాలలో కుర్రవాళ్లకు బరువులెత్తడం నేర్పుతున్నాను. నాకు తెలిసినంతలో జవాబు ఇది. రెజ్లర్ నోరు విప్పకముందే అతడి శరీరం ప్రేక్షకుడికి ఒక మాట ఇస్తుంది. భారీ దేహం పెద్ద మాట ఇస్తుంది, చిన్న దేహం చిన్న మాట ఇస్తుంది. ఆ మాట ఎంతవరకు చెల్లిందన్న లెక్క మీదే అభిమానమైనా ఎగతాళి అయినా పుడుతుంది. ఏడడుగుల మనిషి నవ్వులపాలు కావడానికీ, ఐదున్నర అడుగుల మనిషిని జనం నెత్తిన పెట్టుకోవడానికీ కారణం ఇదేనని నా నమ్మకం.

మా తరం పిల్లలకు ఈ లెక్క నేర్పినవి ట్రంప్ కార్డులు. ఒక్కో కార్డు మీద రెజ్లర్ ఫోటో, దాని కింద ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ఆడిన పోటీలు, గెలిచిన పోటీలు అచ్చయి ఉండేవి. బడిలో ఇంటర్వెల్ గంట కొట్టగానే ఒడియా పిల్లలమూ తెలుగు పిల్లలమూ వరండాలో గుండ్రంగా కూర్చుని ఆడుకునేవాళ్లం. యోకోజునా కార్డు చేతిలో ఉన్నవాడు బరువు అడిగేవాడు, జయింట్ గొంజాలెస్ కార్డు ఉన్నవాడు ఎత్తు అడిగేవాడు, ఎదుటివాడు చేసేదేమీ లేక తన కార్డు ఇచ్చేసేవాడు. దెబ్బ తగలకుండా తగిలినట్టు చూపించే నేర్పుకు గానీ, ప్రత్యర్థిని ఎత్తి భద్రంగా దించే జాగ్రత్తకు గానీ, మైకు పట్టుకుని హాలు మొత్తాన్ని కదిలించే మాటకు గానీ ఆ కార్డు మీద చోటు లేదు. రెజ్లింగ్‌లో అసలైన విద్య అదే కదా! కొలతలను బట్టి మనిషిని తూచడం మాకు ఆటతో పాటే అలవాటైపోయింది.

ఆ ఇద్దరి సంగతులు తరువాత చదివి తెలుసుకున్నాను. జపాన్ సుమో యోధుడని చెప్పి నిలబెట్టిన యోకోజునా నిజానికి అమెరికాలో పుట్టిన సమోవన్ కుటుంబీకుడు. 200 కిలోలకు పైబడిన బరువుతోనూ తొలినాళ్లలో అతడు ఎంత చురుకుగా కదిలేవాడో ఆనాటి పోటీల్లో ఇప్పటికీ చూడవచ్చు. బరువు ఇంకా పెరిగి, కదలిక తగ్గి, చివరకు 2000లో 34 ఏళ్లకే మరణించాడు. జయింట్ గొంజాలెస్ అర్జెంటీనా బాస్కెట్‌బాల్ ఆటగాడు. ఎనిమిది అడుగులని ప్రకటించిన ఆ మనిషికి 1993లో కండలు రంగులతో గీసి, అక్కడక్కడ వెంట్రుకలు అతికించిన బిగుతు దుస్తులు తొడిగి బరిలోకి పంపారు. అంత ఎత్తున్న మనిషి కూడా ఉన్నవాడు ఉన్నట్టుగా చాలలేదన్నమాట. ఆ దుస్తులను చూసి నవ్విన ప్రేక్షకులు, నవ్వవలసింది వాటిని తొడిగించినవాళ్లను చూసి అని అనుకోలేదు.

భారీ దేహం ఇచ్చే మాట ఆ మనిషికే ఎంత బరువవుతుందో గ్రేట్ ఖలీ విషయంలో మనమందరం కళ్లారా చూశాం. 2006 ఏప్రిల్‌లో అతడు తొలిసారి వచ్చి పేరుమోసిన రెజ్లర్ అండర్‌టేకర్‌ను నేల కరిపించినప్పుడు, మరుసటి నెలలో జడ్జిమెంట్ డే పోటీలో అతడినే ఓడించినప్పుడు, మా వీధిలో పెద్దవాళ్లు కూడా దాని గురించే మాట్లాడుకున్నారు. హిమాచల్ ప్రదేశ్ పల్లెలో పుట్టి, పంజాబ్ పోలీసు శాఖలో పనిచేసిన మనిషి 2007 జూలైలో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ బెల్టు భుజాన వేసుకోవడం మాకు సొంత గర్వంగా అనిపించింది. రెండు మూడేళ్లు తిరగకుండానే అదే నోళ్లు వెటకారానికి దిగాయి. నడవలేడు, ఒంగలేడు, నెత్తిన ఒక్క చేత్తో కొట్టడం తప్ప మరేమీ రాదు అని, అతడి నడకను అనుకరించి నవ్వించడం వ్యాయామశాలలో కూడా ఒక వినోదమైపోయింది. ఈ కుస్తీలను నడిపే అమెరికా కంపెనీ డబ్ల్యుడబ్ల్యుఈ కూడా అతడిని హాస్యపాత్రగా మార్చి, ప్రేక్షకుల్లోంచి వచ్చిన ఆడవాళ్లకు ముద్దులు పెట్టే వేషం వేయించింది.

ఆ నడక వెనక జబ్బు ఉందని చాలామందికి తెలియదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి మీద కణితి ఏర్పడి, ఎదుగుదల హార్మోను అతిగా ఊరడాన్ని అక్రోమెగలీ అంటారు. ఎముకలు, చేతులు, దవడ పెరుగుతూ పోతాయి, కీళ్లు అరిగిపోతాయి, గుండె మీద భారం పడుతుంది. ఖలీకి 2012లో ఆ కణితిని శస్త్రచికిత్స చేసి తొలగించారు. మామూలు కుర్రవాడు పద్ధతి తప్పి బరువు ఎత్తితే మోకాలు ఎలా మొరాయిస్తుందో రోజూ చూసే పనిలో ఉన్నవాణ్ణి కనుక, ఏడడుగుల దేహాన్ని ఆ కీళ్ల మీద మోస్తూ వారానికి ఎన్నో ఊళ్లు తిరిగి కుస్తీ పట్టడం ఎంత కష్టమో నేను ఊహించగలను. అతడిని ప్రత్యేకంగా నిలబెట్టిందీ, కదలనివ్వకుండా చేసిందీ ఒకే కారణం. ఎత్తును మెచ్చుకుని నడకను వెక్కిరించడం న్యాయం కాదు.

ఇదే జబ్బున్న ఆండ్రే ద జయింట్‌ను జనం వేరుగా గుర్తుంచుకున్నారు. 1987 మార్చి 29న, ఆ కంపెనీ ఏటా జరిపే అతి పెద్ద వేడుక రెసిల్‌మేనియా మూడోదానిలో, ఆనాటి అగ్రతార హల్క్ హోగన్‌తో తలపడేనాటికి ఆండ్రే కదలికలు బాగా తగ్గిపోయాయి. అయినా ఆ పోటీ ఈనాటికీ చెప్పుకునేదిగా మిగిలింది, ఎందుకంటే ఆ దేహం ఇవ్వగలిగినదాన్నే దాని నుంచి అడిగారు. కొండలా నిలబడడం, చివరికి ఒకడు తనను ఎత్తగలిగాడన్న ఆశ్చర్యానికి చోటివ్వడం, అంతే. ఖలీకి అలాంటి కథను అల్లడంలో రచయితలు తడబడ్డారు, నింద మాత్రం అతడి ఒంటి మీద పడింది. ఆండ్రే 1993లో 46 ఏళ్లకు కన్నుమూశాడు.

చిన్న దేహం సంగతి దీనికి తలకిందులు. ముప్పై మంది ఒకరి తరువాత ఒకరుగా బరిలోకి దిగే రాయల్ రంబుల్ పోటీలో, 2006లో, ఐదడుగుల ఆరంగుళాల రే మిస్టీరియో రెండోవాడిగా అడుగుపెట్టి గంటకు పైగా నిలిచి గెలిచాడు, ఆ ఏప్రిల్‌లో ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. అతడి నుంచి ఎవరూ అంత ఆశించలేదు కనుక, చేసిన ప్రతి పనీ రెట్టింపు విలువ తెచ్చుకుంది. కానీ ఛాంపియన్ అయ్యాక కూడా మార్క్ హెన్రీ, ఖలీ వంటి భారీకాయుల కింద అతడు నలిగిపోవడాన్ని వారాల తరబడి చూపించారు. పొట్టివాడు గెలిస్తే అది అద్భుతమే తప్ప మామూలు సంగతి కారాదన్న ఆలోచన నిర్వాహకుల్లో బలంగా ఉండేదని దీన్ని బట్టి నాకు అర్థమైంది.

ఆ ఆలోచన మీద అభిమానులు బహిరంగంగా తిరగబడింది చిన్న దేహమున్న డేనియల్ బ్రయాన్ కాలంలో. అతడు ‘బి ప్లస్’ స్థాయివాడని కథలోని యజమానులు తెర మీదే అన్నారు. 2014 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో జరిగిన రాయల్ రంబుల్‌లో ముప్పయ్యోవాడుగా బ్రయాన్ వస్తాడని జనం ఎదురుచూస్తుంటే రే మిస్టీరియో వచ్చాడు. అందరికీ ఇష్టుడైన రేను కూడా ఆ రాత్రి హాలంతా గేలి చేసింది, కండల కొండలాంటి బటిస్టా గెలిచినప్పుడు ఆ కోపం ఇంకా పెరిగింది. రే చేసిన తప్పేమీ లేదు. మనిషిని ఒంటి కొలతతో వెనక్కి నెట్టారన్న కోపమే అలా బయటికి వచ్చింది. ఏప్రిల్ 6న న్యూ ఆర్లియన్స్‌లో బ్రయాన్ ఒకే రాత్రి ఆ కథలోని యజమానుల్లో ఒకడైన ట్రిపుల్ హెచ్‌ను ఓడించి, ఆపైన రాండీ ఆర్టన్, బటిస్టాలతో తలపడి బెల్టు గెలుచుకున్నాడు.

దీనికి మరో పార్శ్వం రోమన్ రేన్స్. ఎత్తు, భుజాలు, ముఖం, అన్నీ కోరుకున్నట్టే ఉన్న మనిషి. అయినా 2015 రాయల్ రంబుల్ గెలిచిన రాత్రి ఫిలడెల్ఫియా ప్రేక్షకులు అతడిని గేలి చేశారు, బంధువూ పెద్ద తారా అయిన ద రాక్ వచ్చి చేయి పైకెత్తినా ఊరుకోలేదు. ఒడ్డూ పొడుగూ చూసే అతడిని అందలమెక్కిస్తున్నారని జనానికి అనిపించినంత కాలం ఆ అందమైన దేహమే అతడికి అడ్డు నిలిచింది. ఛాతీని కప్పుతూ వేసుకునే నల్ల కవచం తీసేసి 2020లో ప్రతినాయకుడిగా తిరిగి వచ్చాక, అదే దేహాన్ని చూసి అదే జనం జేజేలు పలికారు. ఈ రెండింటి మధ్య కొలతలేమీ మారలేదు, కథ మారింది.

పొట్ట ఉన్నవాళ్ల గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. కెవిన్ ఓవెన్స్ బనీను తీయకుండానే కుస్తీ పడతాడు, 2015 మే నెలలో డబ్ల్యుడబ్ల్యుఈ ప్రధాన జాబితాలో, అంటే పెద్ద తారల బృందంలో, తన తొలి పోటీలోనే జాన్ సీనాను ఓడించాడు, మరుసటి ఏడాది యూనివర్సల్ ఛాంపియన్ అయ్యాడు. అతడు పైతాళ్ల మీది నుంచి దూకడం చూసినవాడెవడూ ఆ తరువాత పొట్ట ఊసెత్తడు. అతడిని చూసి మన పక్కింటివాడిలా ఉన్నాడనుకునే మాట కూడా అతడికి లాభమే చేసింది. గుంథర్ మాత్రం నన్ను ఇంకా ఆలోచింపజేస్తాడు. బాగా లావుగా ఉన్న రోజుల్లో కూడా అతడి నైపుణ్యం ఇంతే, కానీ బరువు తగ్గించుకుని 2022లో ప్రధాన జాబితాలోకి వచ్చాకే చాలామంది అతడిని గొప్పవాడన్నారు. 666 రోజులు ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు నిలుపుకున్న ఆ మనిషి విద్యకు, తగ్గిన నడుము చుట్టుకొలత ఏమి కలిపిందో నాకు తెలియడం లేదు.

మా ప్రాంతంవాడిగా ఇక్కడ ఒక మాట చెప్పాలి. బలం అనగానే పలకలు తేలిన పొట్ట గుర్తుకు రావడం మా తాతల కాలంలో లేదు. పర్లాకిమిడికి అవతల, శ్రీకాకుళం సీమలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తిని వాళ్లు కలియుగ భీముడన్నారు. ఫోటోల్లో ఆయనకు నిండైన ఛాతీ, దిట్టమైన నడుము కనిపిస్తాయి. దారాసింగ్‌కూ, కింగ్ కాంగ్ అనే మల్లుడికీ జరిగిన కుస్తీల గురించి చెప్పేటప్పుడు కూడా మా పెదనాన్న కింగ్ కాంగ్ పొట్టను బలంగానే వర్ణించేవారు. బాడీబిల్డర్ దేహం 1980లలో అమెరికా టీవీ ద్వారా వచ్చిన కొత్త అలవాటు. ఆ దేహాల వెనకున్న స్టెరాయిడ్ మందుల సంగతి 1991లో ఒక వైద్యుడికి శిక్ష పడడంతో బయటికి పొక్కింది, 1994లో కంపెనీ యజమాని విన్స్ మెక్‌మాన్ మీద విచారణ జరిగి ఆయన నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ వత్తిడి కాలంలోనే, 1992 అక్టోబరులో, మధ్యస్థ దేహం ఉన్న బ్రెట్ హార్ట్ ఛాంపియన్ అయ్యాడు, జనం అతడిని మనస్ఫూర్తిగా ఆదరించారు. అభిమానుల రుచి అంటున్నదాంట్లో సగం, వాళ్ల ముందు వడ్డించినదేనని దీనితో తెలుస్తోంది.

వ్యాయామశాలలో ఇదే రోజూ చూస్తాను. కొత్తగా చేరిన కుర్రవాళ్లు అద్దం ముందు సన్నటి నడుము ఉన్నవాడిని అన్నయ్యా అని చుట్టుముడతారు, మూలన బొద్దుగా ఉన్నవాడు అతడికన్నా ఎంతో ఎక్కువ బరువు ఎత్తుతున్నా గమనించరు. మా బరంపురం బిడ్డ కాటూలు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో మొత్తం 321 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. 69 కిలోల మనిషి చొక్కా తొడుక్కుని బజారులో నడిచి వెళ్తే అంత బలం ఉందని ఎవరు కనిపెట్టగలరు? కంటికి కనిపించే కొలత బలాన్నే సరిగా చెప్పలేనప్పుడు, నటన, నేర్పు, ఓర్పు కలిసిన రెజ్లింగ్ గురించి ఏం చెబుతుంది?

ఆడవాళ్ల విషయంలో ఈ తీర్పు ఇంకా కఠినంగా ఉంటుంది, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. 2009–10లో మిక్కీ జేమ్స్ అనే రెజ్లర్‌ను లావు అని ఎగతాళి చేయడాన్నే కథగా నడిపారు. ఆమె ఎంత మాత్రం లావు కాదు. ప్రేక్షకులు ఆమె పక్షానే నిలిచారు, 2010 రాయల్ రంబుల్ జరిగిన రాత్రి ఆమె బెల్టు గెలిచినప్పుడు సంతోషించారు. కానీ టీవీ ముందు కూర్చున్న ఆడపిల్లల చెవుల్లో అన్ని వారాల పాటు పడింది ఆ ఎగతాళి మాటలే కదా. మా మేనకోడలు కాస్త దిట్టంగా ఉంటుంది, బడిలో ఆ మాటలు పడుతూనే పెరిగింది. 2017లో హర్యానా నుంచి డబ్ల్యుడబ్ల్యుఈకి వెళ్లిన కవితా దేవి సల్వార్ కమీజుతో బరిలోకి దిగిన వీడియో చూపిస్తే, “మావయ్యా, ఈవిడ అచ్చం మన వీధిలో అక్కలా ఉంది” అంది, మళ్లీ మళ్లీ చూసింది. ఆ తరువాతే మా మేనకోడలు మా వ్యాయామశాలకు రావడానికి ఒప్పుకుంది.

భారీ దేహమున్న రెజ్లర్ నయా జాక్స్ గురించి మా ఇద్దరి మధ్య వాదన నడుస్తూనే ఉంటుంది. 2018 రెసిల్‌మేనియాలో, తన దేహాన్ని ఎగతాళి చేసిన అలెక్సా బ్లిస్‌ను ఓడించిన నయా మా మేనకోడలికి చాలా ఇష్టం. అదే ఏడాది నవంబరులో నయా గుద్దుకు బెకీ లించ్ ముఖం ఎముక విరిగింది, అప్పటి నుంచి ఆమె మీద విమర్శలు వెల్లువెత్తాయి. ఆ విమర్శలో దెబ్బ అదుపు తప్పిందన్న భాగం సరైనదే, ఎదుటివాళ్ల ఒంటిని కాపాడడం రెజ్లర్ మొదటి ధర్మం. అయితే అక్కడితో ఆగకుండా, ఇంత లావున్న మనిషిని బరిలోకి ఎందుకు రానిచ్చారని రాసినవాళ్లు ఎందరో ఉన్నారు. సన్నటి రెజ్లర్ల చేతుల్లో గాయపడినవాళ్లూ ఉన్నారు, అప్పుడు ఎవరూ వాళ్ల నడుము కొలత ప్రస్తావించలేదు. నయా గుద్దును తప్పుపట్టేటప్పుడు ఆమె బరువును అందులోకి లాగవద్దన్నంత వరకు నేనూ మా మేనకోడలూ ఒక్కమాట మీద ఉన్నాం, మిగతాదాని మీద ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.