పాఠకుల ప్రశ్నలు: ఫోనులో వాక్యం వింటే చాలదా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో నలభై గడపల చిన్న సంఘం. 2020లో లాక్‌డౌన్ రోజులలో ఫోనులో ఆరాధన చూడడానికి అలవాటుపడిన మా యవనస్థులు చాలామంది మళ్లీ మందిరం మెట్లెక్కలేదు. అడిగితే, "మన అయ్యగారికంటే బాగా చెప్పేవాళ్లు ఫోనులోనే ఉన్నారు, ఎక్కడ విన్నా వాక్యం వాక్యమే కదా" అంటున్నారు. కానుకలు కూడా ఆ బోధకులకే ఫోన్‌పేలో పంపిస్తున్నారు. సమాజముగా కూడుట మానకూడదన్న హెబ్రీ 10:25 చదివి మందలించినా ఫలితం కనబడలేదు. వీరిని సభ్యత్వం నుంచి తొలగించవచ్చునా? (ఒక సంఘ పెద్ద)

జవాబు: తొలగించవద్దు. తొలగించినా వారికి తెలిసేది ఎప్పుడో పెళ్లికో, సమాధికో మీ గుమ్మం తొక్కినప్పుడే గనుక ఆ శిక్ష వలన ఎవరికీ మేలు కలుగదు.

"ఎక్కడ విన్నా వాక్యమే" అన్న మాటలో నిజమున్నదని ముందు ఒప్పుకొందాము. పౌలు ఫిలిప్పీ సంఘానికి చెరసాల నుంచి పత్రిక వ్రాస్తే అది దేవుని వాక్యంగానే అందింది. ఆ కాలానికి పత్రికే ఫోను. అయితే పత్రిక వ్రాసినవారే దానితో తృప్తిపడలేదన్న సంగతి మన పిల్లలకు ఎవరైనా చెప్పారా? కాగితముతోను సిరాతోను చెప్పడం ఇష్టంలేదు, మీయొద్దకు వచ్చి ముఖాముఖిగా మాటలాడాలని ఉన్నదని యోహాను తన రెండవ పత్రికను ముగించాడు. థెస్సలొనీకయుల ముఖాలు చూడాలని రాత్రింబగళ్లు వేడుకొంటున్నానని పౌలు వ్రాశాడు. దూరంగా ఉండక తప్పనివారికి దొరికిన సాధనాన్ని వీధి చివరనే మందిరమున్నవారు వాడుకొనే తీరు వేరు. నడుము విరిగి మంచం పట్టిన ముసలమ్మ దిండు పక్కన ఫోను పెట్టుకొని పాటలు వింటుంటే అది ఆమెకు ఆరాధనే. ఆమె మనుమడు అదే ఇంట్లో దుప్పటి కప్పుకొని, ప్రసంగం నచ్చకపోతే వేలితో పైకి తోసి మరొకటి పెట్టుకొంటుంటే దానిని నేను ఆరాధన అనలేను.

మీరు చూపించిన హెబ్రీ వచనాన్ని చాలామంది పెద్దలు హాజరుపట్టీలాగా చదువుతారు. దానికి ముందున్న 24వ వచనంతో కలిపి చదివితే అక్కడ ఉన్నది ఒకరినొకరు ప్రేమకు, సత్కార్యాలకు పురికొల్పుకోవడం. కొరింథు సంఘంలో ముందు వచ్చినవారు ముందే తినివేసి, ఆలస్యంగా వచ్చిన బీదలను ఆకలితో ఉంచినప్పుడు, భోజనానికి కూడి వచ్చునప్పుడు ఒకని కొరకు ఒకడు కనిపెట్టుకొని ఉండుడని పౌలు అన్నాడు. ఫోను చేయలేని పని ఇదే. మీరు రాలేదని ఫోనులోని బోధకుడు ప్రసంగం ఆపడు, మీ కోసం రొట్టె ముక్క దాచి ఉంచడు. ఇంట్లో గ్లాసులో ద్రాక్షరసం పోసుకొని తెర ముందు ప్రభురాత్రి భోజనం తీసుకోవడాన్ని కూడా ఈ కారణం చేతనే, లాక్‌డౌన్ వంటి గతిలేని కాలానికి తప్ప, నేను సమర్థించను.

మన ప్రాంతానికి వచ్చి వెళ్లే బోధకులు కొత్త కాదు. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1890 ప్రాంతంలో నల్గొండకు వచ్చి పని మొదలుపెట్టిన నాటి నుంచీ, మిషనరీలు చలికాలంలో గుడారాలు వేసుకొని ఊరూరా తిరిగి చెప్పి వెళ్లేవారు. గుడారం లేచిపోయాక జ్వరం వచ్చినవారి పక్కన కూర్చున్నది, పిల్లలకు అక్షరాలు దిద్దించినది, పంచాయితీలు తీర్చినది ఊళ్లోనే ఉండిపోయిన ఉపదేశులు, ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీలు. వారిలో అందరికీ వాక్చాతుర్యం ఉండేదా? రోగి సంఘపు పెద్దలను పిలిపించుకోవాలని యాకోబు వ్రాసినప్పుడు అతడు తలచినది పిలిస్తే వచ్చేంత దగ్గరలో ఉన్నవారినే.

కానుకల సంగతికి వస్తే, ఉపదేశం పొందినవాడు ఉపదేశించినవానికి భాగమివ్వాలన్న గలతీ 6:6 ప్రకారం, మేలు పొందినచోట కొంత పంపడం తప్పు కాదు. ఇక్కడి కాపరి ఇంట్లో పొయ్యి వెలగని రోజున అక్కడికి దశమభాగం, అంటే రాబడిలో పదోవంతు, పంపడం తప్పు. స్త్రీలు వంటకు బియ్యం కొలిచే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేసి ఆదివారం తెచ్చే అలవాటు మీ సంఘంలో ఇంకా ఉంటే, ఆ డబ్బాను ఈ పిల్లల చేతనే ఒకసారి మోయించండి. కోతకాలపు పండుగలో సొరకాయను వేలం పాడినవాడే దానిని తిరిగి బలిపీఠం దగ్గర పెడితే, అదే సొరకాయ రెండవసారి, మూడవసారి పాటకు వచ్చి అందరూ నవ్వుతారు చూడండి, ఆ నవ్వులో వారు లేకపోవడమే నాకు ఎక్కువ బాధ.

ఇప్పుడు మీ వంతు. పదిన్నరకు మొదలైన ఆరాధన రెండు దాటినా ముగియదని, నలభై మంది గదిలో నాలుగు వందల మందికి సరిపోయే సౌండ్ బాక్సులు పెడతారని, లెక్కలు అడిగితే పెద్దలు కసురుతారని నాకు యవనస్థుల నుంచి కూడా ఉత్తరాలు వస్తాయి. మీ సంఘం అటువంటిది కాకపోవచ్చు. అయినా బల్లమీద నుంచి మందలించడం మాని, మీరూ అయ్యగారూ కలిసి సాయంత్రం ఒక్కొక్కరి ఇంటికి వెళ్లండి. ఆ వారం వారు విన్న ప్రసంగం ఏమిటో అడిగి, పూర్తిగా వినండి.

ప్రశ్న: మాది నారాయణపేట వైపు పల్లె. పని కోసం పూణె వచ్చాము. ఆదివారం కూడా సగం రోజు పని ఉంటుంది, ఇక్కడి భాష రాదు. ఫోనులోనే మా ఊరి ఆరాధన చూస్తున్నాము. ఇది పాపమా? (ఒక సహోదరుడు)

జవాబు: పాపం కాదు తమ్ముడా. నీవు దూరంగా ఉండక తప్పనివాడివి. అయితే ఒక్కడివే చూడవద్దు. ఆ రేకుల షెడ్లలో మనవారు మరో ఇద్దరు ముగ్గురు తప్పక ఉంటారు, వారిని పిలిచి, ఫోను ఆపేశాక ఒక పాట పాడుకొని ఒకరి కోసం ఒకరు ప్రార్థించుకోండి. పూణెలో తెలుగు సంఘాలు ఉన్నాయి. రోమా 16వ అధ్యాయం మొదట్లో ఫీబే అనే సహోదరిని చేర్చుకోమని పౌలు వ్రాసినట్లు, మీ అయ్యగారిని నీ పేరు మీద ఒక పరిచయ పత్రం వ్రాసి ముద్ర వేయమని అడుగు. దసరాకు ఊరికి వచ్చినప్పుడు దానిని తీసుకొని వెళ్లు.