ఈసీజీ నార్మలైతే మళ్ళీ రక్తం ఎందుకు?

ప్రశ్న: నాన్నగారికి అర్ధరాత్రి ఛాతీ బరువెక్కితే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. ఈసీజీ నార్మలే అన్నారు. అయినా పంపకుండా రెండుసార్లు రక్తం తీశారు. బిల్లు కోసమేనా డాక్టరుగారూ?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: కాదమ్మా, వాళ్ళు చేసింది సరైన పనే. ఈసీజీ నార్మల్‌గా ఉన్నా గుండెపోటు ఉండొచ్చు. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. కానీ అది పెరగడానికి టైమ్ పడుతుంది. నొప్పి మొదలైన గంటలోపే వస్తే మొదటి శాంపిల్‌లో దొరక్కపోవచ్చు. రెండోసారికి అంకె పెరిగిందా అన్నదే మాకు కావాలి. ఒకప్పుడు ఇందుకోసం ఆరేసి గంటలు కూర్చోబెట్టేవాళ్ళం. ట్రోపోనిన్ కొంచెం ఉన్నా పట్టేసే ఇప్పటి హై సెన్సిటివిటీ పరీక్షతో చాలామందికి 1 నుంచి 3 గంటల్లో తేలిపోతోంది.

నా నైట్ డ్యూటీలో ఒకాయన ‘గ్యాసేనండీ’ అంటూ సోడా తాగి వచ్చారు. చొక్కా మాత్రం చెమటకు ముద్దయిపోయింది. మొదటి రిపోర్టు మామూలే. రెండోది చూడగానే నేరుగా క్యాథ్ ల్యాబ్‌కి (గుండె రక్తనాళాల్లో అడ్డు ఉందేమో చూసి తెరిచే గదికి) పంపాం.